స్నేహితుల ఇళ్లకు వెళ్లే వేసవి ప్రయాణానికీ మీ పేజీల్లో చోటివ్వండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

వేసవి సెలవులు దగ్గరపడగానే పత్రికలన్నీ విహారయాత్రల పేజీలు మొదలుపెడతాయి. మీ పత్రికలో వచ్చే ఆ పేజీలను నేను ఏటా శ్రద్ధగా చదువుతాను. ఎక్కడికి వెళ్లాలి, ఏ దారిన వెళ్లాలి, అక్కడ చూడదగ్గవి ఏమిటి, ఎన్ని రోజులు పడుతుంది అనే వివరాలు వాటిలో ఓపికగా సేకరించి ఇస్తున్నారు. అయితే వేసవిలో ఇల్లు కదిలేవారిలో ఎందరో ఏ స్థలాన్నీ చూడటానికి వెళ్లరు, ఒక మనిషిని చూడటానికి వెళతారు. చదువుకునే రోజుల్లో ఒకే గదిలో ఉన్నవారు, ఒకే కార్యాలయంలో పక్కపక్కన కూర్చుని పనిచేసినవారు, ఒకే ఇంటి వాటాల్లో ఏళ్ల తరబడి కాపురమున్నవారు ఉద్యోగాల వల్లనో, పెళ్లిళ్ల వల్లనో, పిల్లల చదువుల వల్లనో తలా ఒక నగరం చేరుకుంటారు. వారిని చూడటానికి ఒక నగరానికి, అక్కడి నుంచి మరో నగరానికి సాగే ప్రయాణం గురించి మాత్రం యాత్రా పేజీల్లో ఒక్క ముక్క కనిపించదు. ఆ ప్రయాణం గురించే ఈ ఉత్తరం రాస్తున్నాను. నిడివి కొంచెం ఎక్కువైనా దయచేసి ప్రచురించగలరు.

నా అభిప్రాయం మొదటే చెబుతాను. మనకు అందుబాటులో ఉన్న విశ్రాంతులన్నింటిలోకీ పాత స్నేహితుల ఇళ్లలో నాలుగు రోజులు తీరుబడిగా ఉండి రావడం మేలైనదని నా నమ్మకం. కానీ దానికి రెండు నియమాలు పాటించాలి. వెళ్లే నగరాల సంఖ్య తగ్గించుకుని ఒక్కో ఇంట్లో ఉండే రాత్రుల సంఖ్య పెంచుకోవాలి. మనం వచ్చామని ఆ ఇంటి దినచర్య ఆగిపోకుండా చూసుకోవాలి. ఈ రెండూ చెప్పడానికి తేలిక, ఆచరించడానికి మాత్రం మన మొహమాటాలు అడుగడుగునా అడ్డుపడతాయి.

సెలవు పెట్టి ఎక్కడికో వెళ్లివచ్చిన ప్రతివారూ సేదదీరి వస్తారని మనం అనుకుంటాం. 2010లో నెదర్లాండ్స్ పరిశోధకులు 1,530 మంది పెద్దల మీద జరిపి ప్రచురించిన అధ్యయనం ఈ అభిప్రాయాన్ని సరిచేసింది. వారిలో 974 మంది విహారయాత్రకు వెళ్లివచ్చారు. బయలుదేరక ముందు, రాబోయే రోజులను తలచుకోవడం వల్ల కాబోలు, వీరు ఇంటిపట్టున ఉన్నవారికంటే ఎక్కువ ఆనందంగా కనిపించారు. తిరిగివచ్చాక మాత్రం ఉభయుల ఆనందంలో చెప్పుకోదగ్గ తేడా లేకుండా పోయింది. యాత్ర తమకు ఎంతో విశ్రాంతిగా గడిచిందని చెప్పినవారిలోనే, తిరిగివచ్చిన తరవాత కూడా, ఆ హెచ్చు కొంతకాలం నిలిచింది. యాత్ర చేయడం వేరు, విశ్రాంతి తీసుకోవడం వేరు అని ఈ ఫలితం స్పష్టంగా చూపుతోంది. 2013లో జెస్సికా డి బ్లూమ్ బృందం ప్రచురించిన మరో అధ్యయనంలో, దీర్ఘ సెలవు తీసుకున్న ఉద్యోగుల ఆరోగ్యం, మనఃస్థితి సెలవు మొదలైనప్పటి నుంచి మెరుగవుతూ వచ్చి ఎనిమిదో రోజుకు శిఖరం అందుకున్నాయని, మళ్లీ పనిలో చేరిన మొదటి వారంలోనే పాత స్థితికి దిగిపోయాయని తేలింది. అంటే మనసు పని ధ్యాస వదిలి పూర్తిగా కుదుటపడటానికే వారం పైన పడుతోందన్నమాట. అటువంటప్పుడు దొరికిన ఆ కొద్ది రోజులను కూడా రైలు వేళలకూ బస్సు వేళలకూ అప్పగించేస్తే మనకు మిగిలేది ఏమిటి?

నగరాల సంఖ్య తగ్గించుకోవాలని నేను అనడానికి మరో బలమైన కారణం నిద్ర. కొత్త చోట మొదటి రాత్రి నిద్ర పట్టదన్నది అందరికీ అనుభవమైన సంగతే. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో మసాకో టమాకి, యుకా ససాకి తదితరులు దీని వెనుక ఏం జరుగుతోందో పరిశీలించి 2016లో వివరించారు. కొత్త చోట పడుకున్న మొదటి రాత్రి గాఢనిద్రలో ఉన్నప్పుడు సైతం మెదడు ఎడమ అర్ధభాగంలోని ఒక వ్యవస్థ కుడివైపున ఉన్నంత లోతుగా నిద్రపోవడం లేదని, ఆ భాగం అపరిచితమైన చప్పుళ్లకు ఎక్కువగా స్పందిస్తోందని, కొన్ని రోజుల తరవాత అదే చోట మళ్లీ పడుకున్నప్పుడు ఈ తేడా కనిపించడం లేదని వారు గమనించారు. మనిషి పడుకున్నా మెదడులో కొంత భాగం కాపలా కాస్తోందని దీని అర్థం. ఇక ఈ లెక్కన రోజుకో నగరం చొప్పున, రాత్రికో ఇంట్లో పడుకుంటూ స్నేహితులందరినీ చుట్టివచ్చే వారి సంగతి ఆలోచించండి. వారికి ప్రతి రాత్రీ మొదటి రాత్రే అవుతుంది. స్నేహితులు ఎంత ఆదరంగా చూసుకున్నా, పక్క ఎంత మెత్తగా వేసినా, అటువంటి ప్రయాణం చివర బడలికే తప్ప మరేమీ ఉండదు. రెండో రాత్రి నుంచి ఆ ఇంటి చప్పుళ్లు మనకు పరిచయమవుతాయి. తెల్లవారుజామున నీళ్ల మోటారు మోగినా, పైవాటాలో ఎవరో కుర్చీ జరిపినా ఉలిక్కిపడం. మూడో రోజుకు అర్ధరాత్రి దీపం వేయకుండానే మంచినీళ్ల బిందె దగ్గరికి నడిచి వెళ్లగలుగుతాం. ఒక ఇంట్లో కనీసం మూడు రాత్రులైనా ఉండే వీలు లేనప్పుడు ఆ నగరాన్ని ఈ ఏటికి వదులుకుని వచ్చే ఏటికి ఉంచుకోవడం మంచిదని నా సలహా.

ఇక్కడే మొదటి మొహమాటం ఎదురవుతుంది. "ఇంత దూరం వచ్చి వాళ్లింటికి వెళ్లి మా ఇంటికి రాలేదా" అన్న నిష్ఠూరం వినవలసి వస్తుందేమోనని భయపడి, నగరంలో తెలిసిన ప్రతి ఇంటి గడపా తొక్కివస్తారు చాలామంది. ఒక్కో ఇంట్లో గంటసేపు కూర్చుని, పిల్లలు ఏం చదువుతున్నారో కనుక్కుని, ఒక ఫొటో తీసుకుని లేచివస్తారు. ఇది పలకరింపే గాని స్నేహితులతో గడపడం అనిపించుకోదు. ఎవరినైతే చూడాలని బయలుదేరామో వారికి ముందుగానే, "ఈసారి నేను నీ కోసమే వస్తున్నాను, ఇంకెక్కడికీ తిరగను" అని చెప్పి, మిగిలినవారికి ఆ నగరానికి వస్తున్న కబురైనా పంపకుండా ఉండటంలో తప్పేమీ లేదు. ఆప్తులు దీనిని అర్థం చేసుకుంటారు. అర్థం చేసుకోలేనివారి నిష్ఠూరం భరించడం విశ్రాంతి కోసం మనం చెల్లించవలసిన మూల్యం.

రెండో మొహమాటం ఆతిథ్యమిచ్చేవారిది, ఇది మరింత బలమైనది. స్నేహితుడు వస్తున్నాడనగానే ఇంటివారు కార్యక్రమం తయారుచేస్తారు. ఉదయం ఒక ప్రదర్శనశాల, మధ్యాహ్నం ఒక దుకాణాల సముదాయం, సాయంత్రం ఒక ఉద్యానవనం, రాత్రి బయట భోజనం. ప్రేమతో చేసేదే అయినా దానివల్ల వచ్చినవారికీ పిలిచినవారికీ కూడా ఊపిరి సలపదు. పని నుంచి మనిషి ఎలా తేరుకుంటాడన్న విషయం మీద సబీన్ సోనెన్‌టాగ్, షార్లట్ ఫ్రిట్జ్ అనే పరిశోధకులు 2007లో ఒక కొలమానం రూపొందించారు. పని ఆలోచనల నుంచి మనసు విడివడటం, శరీరం మనసు రెండూ సడలడం, ఏదైనా కొత్త నేర్పు సాధించడం, తీరిక సమయం మీద తనకే అధికారం ఉండటం అనే నాలుగు అనుభవాలను వారు అందులో గుర్తించారు. ఈ నాలుగోదాన్ని మనం బొత్తిగా పట్టించుకోం. ఏ వేళకు నిద్రలేవాలో, ఏ పూట ఎక్కడికి పోవాలో, ఎప్పుడు ఆకలివేయాలో కూడా ఇంకొకరు నిర్ణయించిన సెలవు రోజు కార్యాలయంలో గడిపిన రోజు లాంటిదే. అందుచేత అతిథి అయినవారు సిగ్గుపడకుండా, "నాకు ఏమీ చూపించనక్కరలేదు, నీతో కూర్చుంటే చాలు" అని చెప్పాలి. ఒక్కసారి చెబితే మర్యాదకు అన్నారనుకుంటారు. కనుక రెండుసార్లు చెప్పాలి, రెండోసారి గట్టిగా చెప్పాలి.

ఈ వేసవిలో నేను చేసిన ప్రయాణంలో నాకు అన్నిటికన్నా హాయిగా గడిచిన రోజు, నా స్నేహితురాలు ఇంట్లో లేని రోజు. ఆమెకు సెలవు దొరకలేదు. సెలవు దొరక్కపోయినా రమ్మంది, నేనూ సరేనన్నాను. పొద్దున్నే తయారై వెళ్తూ వెళ్తూ తాళాల గుత్తి నా చేతిలో పెట్టి, ఏ మీట ఏ దీపానిదో, గ్యాసు ఎక్కడ కట్టేయాలో, తలుపు గడియ పడాలంటే ఎడమ భుజంతో కాస్త నెట్టాలనీ చెప్పి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ మళ్లీ గుర్తొచ్చిన ఇంకో రెండు మాటలు చెప్పి వెళ్లింది. వంటింటి గోడకు పనిమనిషి నాగాలు గుర్తుపెట్టుకున్న కాగితం, దాని కింద కరెంటు బిల్లు కట్టవలసిన తేదీ, పక్కన ఆమె కూతురు ఎప్పుడో గీసిన పడవ బొమ్మ ఉన్నాయి. దండెం మీద ఆరిన బట్టలు తీసి మడతపెట్టాను. ఆమె చదివి సగంలో బోర్లా పెట్టిన పుస్తకం కొన్ని పేజీలు చదివాను. మధ్యాహ్నం కిటికీ తెరలు దించుకుని ఎంతసేపు నిద్రపోయానో నాకు తెలియదు. సాయంత్రం ఆమె వచ్చి, కాళ్లు చాపుకుని కూర్చుని, కార్యాలయంలో ఆ రోజు జరిగిన ఒక చిన్న గొడవ చెప్పింది. దానికి ముందూ వెనకా నాకు తెలియకపోయినా, ఆ సంగతులన్నీ తెలుసుకుంటూ చీకటిపడేదాకా మాట్లాడుకున్నాం. ఆమె ఇప్పటి జీవితం ఎలా ఉందో ఆ ఒక్క రోజులో నాకు తెలిసినంతగా, ఏళ్ల తరబడి ఫోనులో మాట్లాడుకున్న మాటల్లో తెలియలేదు. సెలవు పెట్టలేకపోతున్నానని బాధపడి స్నేహితులను రావద్దనేవారు ఈ సంగతి ఆలోచించాలని కోరుతున్నాను. మీ ఇంటి తాళం నమ్మకంగా వారి చేతిలో పెట్టడమే గొప్ప ఆతిథ్యం.

ఈ సందర్భంలో ఒక మాట నిర్మొహమాటంగా చెప్పవలసి ఉంది. స్నేహితుల ఇంట్లో మనం తీసుకునే విశ్రాంతి చాలాసార్లు ఆ ఇంటి ఆడవారి చాకిరీ మీద నిలబడుతోంది. ఇద్దరు మిత్రులు వరండాలో కూర్చుని పాత రోజులు తలచుకుని నవ్వుకుంటూ ఉంటే లోపల ఒకరు మూడు పూటలా పొయ్యి దగ్గర నిలబడి ఉంటారు. ఆ స్నేహంలో ఆమెకు భాగం లేదు, శ్రమ మాత్రం అంతా ఆమెదే. అతిథులు వెళ్లిపోయిన మర్నాడు దుప్పట్లు ఉతికి, తలగడ గలేబులు మార్చి, ఇల్లు సర్దుకునేదీ ఆమే. ఇటువంటి విశ్రాంతి న్యాయమైనది కాదని నేను అంటాను. ఎవరి పక్క వారు ఎత్తిపెట్టుకోవడం, తిన్న కంచం కడుక్కోవడం, ఒక పూట వంట తామే చేస్తామని పూనుకోవడం, కూరగాయలకూ సరుకులకూ తామే వెళ్లిరావడం అతిథి బాధ్యతగా భావించాలి. "అయ్యో, మీరెందుకు" అంటారు. ఆ మాటకు ఆగిపోకూడదు. ఆ ఇంట్లో పనిచేసే చేతులకు కూడా మనం ఉన్న రోజుల్లో కాస్త తెరిపి దొరికినప్పుడే మళ్లీ రమ్మన్న పిలుపు మనస్ఫూర్తిగా వస్తుంది. నలుగురైదుగురు కుటుంబంతో వెళ్లేవారు, ముఖ్యంగా పసిపిల్లలతో వెళ్లేవారు, స్నేహితుల ఇల్లు చిన్నదైతే దగ్గరలో వేరే బస చూసుకుని పగలంతా వారితో గడపడం ఉభయులకూ మేలు. అది స్నేహానికి తక్కువ చేసినట్టు కాదు.

వేసవి ప్రయాణం గనుక ఎండ గురించి కూడా చెప్పాలి. తీవ్రమైన ఎండల వేళ ఇంటిపట్టున ఉండాలని, గది ఉష్ణోగ్రత పగలు 32 డిగ్రీలకూ రాత్రి 24 డిగ్రీలకూ మించకుండా చూసుకోవాలని, వేడి 40 డిగ్రీలు దాటినప్పుడు ఫ్యాను గాలి చల్లబరచకపోగా ఒంటిని ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. నగరాలు చూసే యాత్రికుడికి ఈ సూచనలు పాటించడం కష్టం. అతడు చూడవలసినవి మిట్టమధ్యాహ్నం కూడా అతడి కోసం కాచుకుని ఉంటాయి. స్నేహితుల ఇంటికి వెళ్లినవారికి మాత్రం ఇదే కలిసివస్తుంది. బయటికి అడుగుపెట్టలేని ఆ మధ్యాహ్నాలే మాటలకు అసలైన సమయం. తలుపులు దగ్గరగా వేసుకుని, నేల తడిగుడ్డతో తుడిచి, చల్లబడిన బండల మీద పడుకుని మాట్లాడుకునే మాటలు మరో రుతువులో సాగవు. ఒక నగరం నుంచి మరో నగరానికి మారేటప్పుడు మాత్రం తెల్లవారుజామునో, రాత్రి పూటనో బయలుదేరడం మంచిది. పగటి పూట ప్రయాణమే తప్పనిసరైతే చేరిన రోజును పూర్తిగా పడకకే కేటాయించాలి. పెద్ద వయసువారు, రక్తపోటుకూ గుండెజబ్బుకూ మందులు వాడేవారు బయలుదేరక ముందే వైద్యుడిని అడిగి వెళ్లడం అవసరం. వాటిలో కొన్ని మందుల ప్రభావం ఎండల్లో మారుతుంది.

ఇన్ని చెప్పినా, అసలు రమ్మనని ఇంటికి ఎలా వెళ్తామన్న సందేహం దగ్గరే చాలామంది ఆగిపోతారు. మాటలు తగ్గి కొన్నేళ్లైందని, ఇప్పుడు ఫోను చేసి వస్తానంటే ఏమనుకుంటారోనని వెనకాడతారు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన పెగ్గీ లియూ బృందం 5,900 మందికి పైగా పాల్గొన్న వరుస ప్రయోగాల ఫలితాలను 2022లో ప్రచురించింది. చాలాకాలానికి పలకరించినప్పుడు అవతలివారు ఎంత సంతోషిస్తారన్నది పలకరించేవారు వాస్తవం కంటే తక్కువగా అంచనా వేస్తున్నారని, ఆ పలకరింపు ఎంత అనుకోనిదైతే అవతలివారి సంతోషం అంత ఎక్కువగా ఉంటోందని వాటిలో తేలింది. నా చుట్టూ ఉన్నవారిలో కూడా నేను చూసింది ఇదే. అయితే అడిగే తీరు ఒకటుంది. ఏ తేదీన వస్తామో, ఎన్ని రాత్రులు ఉంటామో, ఎంతమందిమో స్పష్టంగా చెప్పాలి. వీలుకాదని చెప్పడానికి అవతలివారికి సులువైన దారి మనమే చూపాలి. "ఈ నెల కుదరకపోతే వచ్చే నెల చూద్దాం, నువ్వు ఏమీ అనుకోవద్దు, నేనూ ఏమీ అనుకోను" అనే ఒక్క మాటతో అవతలివారి గుండెల మీద బరువు తీరిపోతుంది. వారి ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోవచ్చు, పిల్లలకు పరీక్షలు ఉండవచ్చు, చెప్పుకోలేని ఇబ్బంది ఇంకేదైనా ఉండవచ్చు. "వస్తున్నాం" అని చెప్పేసి బయలుదేరడం ప్రేమగా కనిపించినా, కొన్ని ఇళ్లలో అది భారమే అవుతుంది.

ఫోన్లూ వీడియో కాల్సూ ఉండగా ఇంత శ్రమపడి వెళ్లడం దేనికని అడిగేవారున్నారు. కాన్సస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ 2018లో వేసిన అంచనా ప్రకారం ఇద్దరు పరిచయస్థులు ఓ మాదిరి స్నేహితులు కావడానికి సుమారు 50 గంటలు, స్నేహితులు అనిపించుకోవడానికి సుమారు 90 గంటలు, ఆప్తమిత్రులు కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపవలసి ఉంటుంది. ఉద్యోగం, సంసారం మీద పడ్డాక కొత్త మనిషి కోసం 200 గంటలు తీయగలిగేవారు మనలో ఎందరున్నారు? చదువుకునే రోజుల్లో ఆ గంటలు ఎలా గడిచాయో తెలియకుండా గడిచిపోయి మనకు స్నేహితులుగా మిగిలినవారిని నిలుపుకోవడం అందుకే అంత ముఖ్యం. మరో సంగతి. పాఠశాల చదువు ముగించి విశ్వవిద్యాలయాల్లోనో ఉద్యోగాల్లోనో చేరిన యువతీయువకుల స్నేహాలు ఎలా మారుతున్నాయో శామ్ రాబర్ట్స్, రాబిన్ డన్‌బార్ ఏడాదిన్నర పాటు పరిశీలించారు. దూరమైన స్నేహాలను ఆడవారు ఎక్కువగా మాటలతో నిలుపుకుంటున్నారని, మగవారి స్నేహాలు కలిసి ఏదైనా పని చేసినప్పుడే నిలుస్తున్నాయని 2015లో వారు వెల్లడించారు. ఫోనులో రెండు నిమిషాలకే మాటలు అయిపోయే మగవారు, అదే మిత్రుడితో కలిసి పాత స్కూటరు విప్పి బాగుచేస్తూనో, మేడ మీద కుండీలకు మట్టి నింపుతూనో పొద్దంతా గడపగలరు. కాబట్టి ఈ ప్రయాణం ఆడవారికంటే మగవారికే ఎక్కువ అవసరమేమో కూడా.

ఒంటరిగా ఉంటున్న మిత్రులను లెక్కలో ముందు ఉంచుకోవాలని కూడా మనవి. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏర్పాటుచేసిన సామాజిక సంబంధాల సంఘం 2025 జూన్‌లో ఇచ్చిన నివేదిక చెప్పింది. జీవిత భాగస్వామిని పోగొట్టుకున్నవారు, పిల్లలు దూరదేశాల్లో స్థిరపడినవారు, కొత్త నగరానికి బదిలీ అయి ఎవరూ తెలియనివారు మన పరిచయస్థుల్లోనే ఉంటారు. వారిని పరామర్శకు వెళ్లినట్టు గాక, సెలవు గడపడానికి వెళ్లినట్టుగా వెళ్లాలి. జాలితో వచ్చిన మనిషికీ ఇష్టంతో వచ్చిన మనిషికీ తేడా వారికి వెంటనే తెలుస్తుంది.

చివరగా సెలవుల సంగతి. పై విషయాలన్నీ చేతిలో నాలుగు రోజులు ఉన్నవారికే పనికివస్తాయి. విశ్రాంతి, తీరిక, జీతంతో కూడిన నిర్ణీత సెలవులు ప్రతి మనిషి హక్కు అని 1948లో వెలువడిన విశ్వ మానవ హక్కుల ప్రకటన 24వ అధికరణం చెబుతోంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1936 నాటి ఒప్పందంలో ఏడాది పనిచేసినవారికి కనీసం ఆరు పని దినాల వేతన సెలవు ఉండాలని, 1970 నాటి సవరించిన ఒప్పందంలో అది మూడు పని వారాలకు తగ్గకూడదని పేర్కొన్నారు. ఆ సెలవును ముక్కలు చేసినప్పుడు, వేరే ఒడంబడిక లేకపోతే, ఒక భాగమైనా ఎడతెగకుండా కనీసం రెండు పని వారాలు ఉండాలని కూడా అందులో ఉంది. ఈ చివరి నిబంధన ఎంతో ముందుచూపుతో పెట్టినదని నేను భావిస్తున్నాను. అక్కడొక రోజు, ఇక్కడొక రోజు ఇచ్చే సెలవులతో దూరాన ఉన్న మిత్రుడి ఇంటికి వెళ్లి మూడు రాత్రులు ఉండిరావడం సాధ్యం కాదు. రోజు కూలీలకు, సొంత చిన్న దుకాణం నడుపుకునేవారికి, ఇంట్లో మంచాన ఉన్నవారిని చూసుకునేవారికి ఆ కాస్త కూడా దొరకదు. స్నేహితుల్లో ఇటువంటివారు ఉన్నప్పుడు మనమే వారి దగ్గరికి వెళ్లాలి. వెళ్లి, మంచాన ఉన్నవారి దగ్గర మనం కూర్చుని, వారిని చూసుకునే మిత్రులను ఒక పూట బయటికి పంపగలిగితే అది వారికి సెలవు అవుతుంది.

సంపాదకులకు నా విన్నపం ఇది. వచ్చే వేసవి ప్రత్యేక పేజీల్లో వారానికి ఒక్క కాలమైనా ఈ తరహా ప్రయాణాలకు కేటాయించండి. అందులో వెళ్లివచ్చినవారి అనుభవాలతో పాటు, ఆతిథ్యమిచ్చినవారి మాటలను, వారిలోనూ ఇంటిపని భుజాన వేసుకున్నవారి మాటలను తప్పక వేయండి. అతిథి చేసిన ఏ పని తమకు ఊరటనిచ్చిందో, ఏది కష్టంగా తోచినా చెప్పలేకపోయారో వారు రాస్తే, బయలుదేరబోయేవారికి అంతకంటే ఉపయోగపడే సమాచారం మరొకటి ఉండదు. పేర్లు వేయవలసిన పని లేదు, పేరు లేకపోతేనే నిజం రాయగలుగుతారు. మీరు ఇందుకు అంగీకరిస్తే, ఈ వేసవిలో నాకు ఆతిథ్యమిచ్చిన స్నేహితురాళ్ల చేత మొదటి ఉత్తరాలు రాయించి పంపే పూచీ నాది. నా గురించి ఫిర్యాదులు ఉన్నా, అవీ యథాతథంగా ప్రచురించండి.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు